లైసెంకోను అడ్డం పెట్టుకోకండి

ఈ మెసేజ్ నాకు ఈ వారంలో రావడం ఇది నాలుగోసారి. పంపిన నలుగురూ బాగా చదువుకున్నవాళ్లు, నాకు కావలసినవాళ్లు. ఒక్కొక్కరితో విడివిడిగా వాదించే ఓపిక లేక అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది: "నిజమైన శాస్త్రవేత్త రాజకీయాల జోలికి పోడు. న్యూటన్ పోయాడా, ఐన్‌స్టీన్ పోయాడా? సైన్సుకు పార్టీ లేదు. ప్రభుత్వం జీతం తింటూ ప్రభుత్వాన్నే ప్రశ్నించడమేమిటి? శాస్త్రవేత్తలు రాజకీయాల్లో వేలు పెడితే ఏమవుతుందో రష్యాలో లైసెంకో చూపించాడు." లైసెంకో అంటే స్టాలిన్ కాలపు సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త. మెసేజ్ కింద ఒక ఫోటో, రెండు దణ్ణాలు, పదిమందికి పంపమని విన్నపం.

న్యూటన్ 1689లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తరఫున పార్లమెంటు సభ్యుడు. ఐన్‌స్టీన్ 1939లో అణుబాంబు గురించి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టాడు, 1955లో చనిపోవడానికి వారం ముందు అణ్వాయుధాలకు వ్యతిరేకంగా రాసిన ప్రకటన మీదా పెట్టాడు. వీళ్లు తప్ప ఇంకో రెండు పేర్లు దొరకలేదా?

సైన్సుకు పార్టీ లేదు, నిజమే. సైంటిస్టుకు ఓటుంది.

జీతం మాటకొస్తే, ఆ డబ్బు నాయకుడి జేబులోది కాదు, జనం కట్టిన పన్ను. ప్రశ్నిస్తే ఏం లాభమంటారా? అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో రోలాండ్, మొలీనా అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చెప్పారు. పేపరు అచ్చయింది కదా, మన పని అయిపోయిందని వాళ్లు ఊరుకోలేదు. ఆ వాయువులు ఆపాలని బయటికొచ్చి అడిగారు, కంపెనీలతో మాటలు పడ్డారు. పదమూడేళ్లకు, 1987లో, ఆ వాయువుల వాడకం తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మెసేజ్ రాసిన పెద్దమనిషి సలహా పాటించి ఉంటే ఇద్దరికీ జర్నల్లో ఒక చక్కని వ్యాసం మిగిలేది, మనకు నెత్తిన చిల్లు మిగిలేది.

ఇక లైసెంకో. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. కథను తలకిందులు చేసి, దాన్నే నీతిగా పంచుతున్నారు.

లైసెంకో తప్పు రాజకీయాలు మాట్లాడటమా? కాదు. జన్యువులు బూటకమన్నాడు, మొక్కకు మనం చేసిన అలవాటు దాని విత్తనానికీ వస్తుందన్నాడు. అలా పొరబడినవాళ్లు సైన్సులో కొల్లలు, తోటివాళ్లు తప్పు చూపించడంతో ఆ ముచ్చట ముగుస్తుంది. ఇక్కడ ముగియలేదు, ఎందుకంటే ఏ జీవశాస్త్రం సరైనదో స్టాలిన్ తేల్చాడు. 1948 ఆగస్టులో వ్యవసాయ అకాడమీ సమావేశం కోసం లైసెంకో రాసిన నివేదికను స్టాలిన్ స్వయంగా దిద్దాడు. కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ తన నివేదికను చూసి ఆమోదించిందని లైసెంకో ఆ సమావేశంలోనే ప్రకటించాడు. బయాలజీ వ్యాసానికి పార్టీ ముద్ర! ఆ తర్వాత జన్యుశాస్త్రం చెప్పేవాళ్ల ఉద్యోగాలు పోయాయి.

అంతకు ముందే వావిలోవ్ పోయాడు. దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలు పోగుచేసిన సోవియట్ శాస్త్రవేత్త. మొదట్లో లైసెంకోను ప్రోత్సహించినవాళ్లలో తనూ ఉన్నాడు, పాపం. తర్వాత ఎదురు మాట్లాడాడు. 1940లో అరెస్టు చేశారు. జనం ఆకలి తీర్చాలని విత్తనాలు ఏరుకున్నవాడు 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో తిండి లేక చిక్కి చనిపోయాడు. శాస్త్రవేత్త నోరు విప్పడం వేరు, నాయకుడు మైక్రోస్కోపులో వేలు పెట్టడం వేరు. రెండో దాన్ని చూపించి మొదటిదాన్ని ఆపమంటున్నారు.

ఒక్క విషయం ఒప్పుకుంటాను. మెసేజ్ రాసినవాడికి తెలియలేదు గానీ, అతని వాదానికి పనికొచ్చే పేర్లు వేరే ఉన్నాయి. జర్మనీవాళ్లు లెనార్డ్, స్టార్క్. ఇద్దరికీ ఫిజిక్సులో నోబెల్ వచ్చింది, ఇద్దరూ హిట్లర్ భక్తులు, ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని యూదు ఫిజిక్స్ అని తిట్టినవాళ్లే. నోబెల్ వచ్చినంత మాత్రాన రాజకీయంలో బుద్ధి వస్తుందన్న గ్యారంటీ లేదు. తన సొంత అభిప్రాయానికి "సైన్సు చెబుతోంది" అని లేబుల్ అతికించే సైంటిస్టును చూస్తే నాకూ చిరాకే. అతన్ని నిలదీయండి, నేనూ వస్తాను. నోరు మూసుకోమనడం మాత్రం నిలదీయడం కాదు.

ఇంతకీ లైసెంకోను ఎవరు దించారు? నోరు మూసుకున్నవాళ్లు కాదు. 1955లో దాదాపు మూడు వందల మంది శాస్త్రవేత్తలు అతని మీద పార్టీకి ఉత్తరం రాశారు. 1964లో లైసెంకో మనిషి నుజ్దిన్‌ను సైన్స్ అకాడమీలో పూర్తి సభ్యుడిగా తీసుకోబోతుంటే సఖరోవ్ లేచి వ్యతిరేకించాడు. సఖరోవ్ బాంబుల ఫిజిక్సు మనిషి, మొక్కలతో సంబంధం లేనివాడు. నుజ్దిన్ ఓడిపోయాడు. మరుసటి ఏడాది జన్యుశాస్త్ర సంస్థలో లైసెంకో డైరెక్టరు కుర్చీ పోయింది.

అన్నట్టు, మెసేజ్ కింద లైసెంకో అని పెట్టిన ఆ మీసాలాయన ఫోటో వావిలోవ్‌ది.