"మా కాలంలో లేని జబ్బులు" ఫార్వర్డ్‌కి నా జవాబు, కాస్త లేటుగా

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. ఇదే మెసేజ్ నాకు ఆఫీసు గ్రూపులోనూ స్కూలు ఫ్రెండ్స్ గ్రూపులోనూ కూడా వచ్చింది కాబట్టి మీ దాకా వచ్చే ఉంటుంది. హెడ్డింగు "మా కాలంలో లేని జబ్బులు". లోపల ఉన్నది ఇంతే: ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవకపోవడం), అవాయిడెంట్ పర్సనాలిటీ (తప్పుపడతారనే భయంతో మనుషుల్ని తప్పించుకోవడం) అనేవి సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన పేర్లు, ఒకటి బద్ధకం ఇంకోటి మొహమాటం. ఒకటేమో కుదురు లేకపోవడం ఇంకోటేమో మూల కూర్చోవడం కాబట్టి రెండూ ఉన్నాయనేవాడు నాటకాలాడుతున్నాడు. వాటికిచ్చే మాత్రలు డ్రగ్సు. చిన్నప్పుడే రెండు తగిలించి నలుగురిలో తిప్పితే ఏదీ రాదు. కింద దండాల ఎమోజీలు వరసగా, అందులో ఒకటి మా అమ్మది.

అమ్మకి నా సంగతి తెలుసు. బాబాయ్ ఏం పెట్టినా దండం పెట్టడం ఆవిడకి అలవాటు, అంతే. నాకు 34 ఏళ్ళు, ఆ రెండూ ఉన్నాయని రెండేళ్ళ కింద డాక్టర్ గారు తేల్చారు. ఆయన దగ్గరికి వెళ్ళడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో ఇక్కడ చెప్తే మీరు నవ్వుతారు.

మొదట ఆ సెల్‌ఫోన్ సంగతి చూద్దాం. శ్రద్ధ నిలవని మనుషుల గురించి అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ 1798లోనే రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్, తెలివితేటలు బాగానే ఉండి కూడా తమని తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి డాక్టర్ల ముందు లెక్చర్లే ఇచ్చాడు. "అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్" అనే పేరు, అంటే ఏడీహెచ్‌డీకి పాత పేరు, 1980లో అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్ మూడో ఎడిషన్‌లో వచ్చింది, తమాషా ఏంటంటే అవాయిడెంట్ పర్సనాలిటీ కూడా అదే ఎడిషన్‌తోనే ఆ పుస్తకంలోకి ఎక్కింది. ఆ ఏడాది మా ఊళ్ళో సెల్‌ఫోన్ కాదు కదా మా వీధి మొత్తానికి ల్యాండ్‌లైన్ కూడా లేదు, కావాలంటే బాబాయ్‌నే అడగండి.

పోనీ "మా కాలంలో" ఇలాంటివాళ్ళు లేరా అంటే, మా తాత తమ్ముడు ఒకాయన ఉండేవాడు, ఇంటికి చుట్టాలొస్తున్నారని తెలిస్తే దొడ్డిగుమ్మంలోంచి పొలానికి వెళ్ళిపోయి వాళ్ళు బస్సెక్కాక గానీ తిరిగొచ్చేవాడు కాదు, పెళ్ళి చేసుకోలేదు, సొంత అన్న కూతురి పెళ్ళిలో వంటల దగ్గర పొయ్యి వెనకాలే ఉండిపోయాడట. ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేది బాబాయే. ఆయనకేముందో నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు, కానీ అప్పుడు జబ్బు పేరు లేదు, "వాడంతే" అనే మాట ఉంది.

బద్ధకం అనేదాని మీద ఎక్కువ రాయను. బద్ధకస్తుడు పని ఎగ్గొట్టి హాయిగా పడుకుంటాడు, నేను ఎగ్గొట్టి మూడు గంటలు దడతో కూర్చుంటా, చెయ్యాల్సిన పని కళ్ళ ముందే ఉంటుంది చెయ్యి కదలదు. అకౌంట్లో డబ్బులుండి కరెంటు బిల్లు కట్టక ఫ్యూజు పీకించుకున్నవాణ్ణి నేను. అయినా డాక్టర్లు ఊరికే పేరు పెట్టరు, లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బయటా రెండు చోట్లా ఉన్నాయా, బతుకుని నిజంగా దెబ్బతీస్తున్నాయా అని తవ్వుతారు. నా విషయంలో అమ్మని కూర్చోబెట్టి చిన్నప్పటివన్నీ అడిగారు, నా ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు.

మొహమాటమూ అంతే. మొహమాటస్తుడు మొదటిసారి వడ్డిస్తే వద్దంటాడు, రెండోసారి బలవంతం చేస్తే తింటాడు. అవాయిడెంట్ అంటే అసలు ఆ పంక్తిలోకే రాడు. ఆ మాన్యువల్‌లో దీనికి 7 లక్షణాలు రాసి ఉంటాయి, కనీసం 4 ఉండాలి, నలుగురితో పనిచేయాల్సొస్తే ఎక్కడ తప్పుపడతారోనని ఆ పనే వదులుకోవడం, నచ్చుతానని గ్యారంటీ ఉంటే తప్ప ఎవరితోనూ కలవకపోవడం, నేను అందరికంటే తక్కువ అని లోపల గట్టిగా నాటుకుపోవడం, ఇలాంటివి. నేను టీం లీడ్ పోస్టు రెండుసార్లు వద్దన్నా. జీతం పెరిగేది, కానీ రోజూ పొద్దున్న పదిమందితో కాల్‌లో మాట్లాడాలి.

ఇప్పుడు అసలు పాయింటు, రెండూ ఒకడికే ఎలా ఉంటాయి అనేది. దీనికే నాకు బాగా మండింది ఎందుకంటే ఈ ప్రశ్న ఫార్వర్డ్ రాసినవాడి కంటే ముందు నన్ను నేనే వేసుకున్నా.

ఒక ఉదాహరణ చెప్తా. ఫ్రెండ్ ఒకడు "ఇల్లు మారుతున్నాం రా, శనివారం వస్తావా సామాన్లకి" అని మెసేజ్ పెట్టాడు. చూశా, వెళ్దామనే అనుకున్నా, ఈలోగా కుక్కర్ విజిల్ వేసింది, లేచా, అంతే, మళ్ళీ గుర్తొచ్చింది సోమవారం. ఇక్కడిదాకా ఏడీహెచ్‌డీ. అది ఒక్కటే ఉన్నవాడైతే "అయ్యో సారీ రా మర్చిపోయా" అని ఫోన్ కొట్టి రెండు తిట్లు తిని అయిపోగొడతాడు. నాకు రెండోది కూడా ఉంది కదా, వాడు నన్ను పనికిమాలినోడనుకుంటున్నాడు, వాళ్ళావిడ కూడా అనుకుంటోంది, ఇప్పుడేం మొహం పెట్టుకుని చెయ్యను అని ఆగా. వారం అయ్యేసరికి సారీ చెప్పడానికి కూడా లేటయిపోయింది, నెలకి వాడి పేరు స్క్రీన్ మీద కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టడం మొదలైంది. పదకొండు నెలలు మాట్లాడలేదు. తీరా ఒకరోజు షాపులో ఎదురుపడితే వాడికి ఆ శనివారం గుర్తే లేదు, ప్యాకర్స్‌ని పెట్టుకున్నాడట.

అంటే ఒకటి పాడు చేస్తుంది, రెండోది బాగుచెయ్యనివ్వదు. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవు, చేతులు కలుపుతాయి.

పైగా ఒకదాన్ని ఒకటి దాచేస్తాయి కూడా. స్కూల్లో నేను చివరి బెంచీ, నోరెత్తేవాణ్ణి కాదు, ఎత్తితే నవ్వుతారని. టీచర్లు "బుద్ధిమంతుడు, కాస్త పరధ్యానం" అని రాసేవాళ్ళు. లోపల సంతలాగా ఉందని ఎవరికి తెలుస్తుంది, గెంతే పిల్లాడిని పట్టుకుంటారు గానీ భయంతో బిగుసుకుని కూర్చున్నవాడి బుర్ర గెంతుతోందని ఎవరూ చూడరు. పెద్దయ్యాక కొత్త చోటు చూడాలి, కొత్త పని చెయ్యాలి అని ఒకటి లోపలినుంచి తంతూ ఉంటుంది, గడప దాటకు అని ఇంకోటి చొక్కా పట్టుకుంటుంది, ఇక నేను హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. కుదురు లేకుండా మూల కూర్చోవడం అంటే అదే బాబాయ్, రెండూ ఒకేసారి.

మాత్రలు డ్రగ్సు అన్నదాంట్లో కొంచెం నిజముంది, అది ఒప్పుకోవాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ స్టిమ్యులెంటే (మెదడుని ఉత్తేజపరిచే మందు), మన దేశంలో ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కిందికే వస్తుంది, చీటీ లేకుండా ఇవ్వకూడదు, దుర్వినియోగం చేసేవాళ్ళూ ఉంటారు. అందుకే డాక్టర్ బీపీ, నాడి, ఆకలి, నిద్ర అన్నీ చూస్తూ ఇస్తారు. ఇది నిన్న మొన్నటి మందు కాదు, 1944లో స్విట్జర్లాండ్‌లో లియాండ్రో పానిజాన్ అనే కెమిస్టు తయారుచేశాడు, వాళ్ళావిడ రీటా పేరు మీదే దానికి రిటాలిన్ అని పెట్టారు. స్టిమ్యులెంట్ కానివి కూడా ఉన్నాయి, అటొమాక్సెటిన్ లాంటివి. కానీ అవాయిడెంట్ పర్సనాలిటీకంటూ ప్రత్యేకంగా మాత్ర ఏదీ లేదు, దానికి థెరపీనే, అంటే మాట్లాడుతూ చేసే చికిత్స. నా మటుకు నాకు మాత్ర మొదలుపెట్టాక బిల్లులు టైముకి కడుతున్నా, భయం మాత్రం ఇంచు కదల్లేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలు మనుషుల్ని ఇంకా శ్రద్ధగా తప్పించుకున్నా, ఎవరు ఏ టైముకి లిఫ్ట్ దగ్గరుంటారో కూడా గుర్తుండేది.

ఇక రెండు తగిలించి నలుగురిలో తిప్పడం. తగిలించారు, తిప్పారు కూడా. తొమ్మిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో చెయ్యి పట్టి లాక్కెళ్ళి మైకు ముందు నిలబెట్టారు, పాటలో రెండో లైను మర్చిపోయా, పందిరంతా నవ్వింది. ఆ రోజు ఎవరెవరు ఏ కుర్చీల్లో ఉన్నారో ఇప్పటికీ చెప్పగలను. థెరపీలోనూ నలుగురిలోకి పంపిస్తారు, కాకపోతే మెట్టు మెట్టుగా, నన్ను అడిగి. మొదటి మెట్టు షాపులో ఏదో ఒకదాని రేటు అడిగి కొనకుండా వచ్చేయడం, తర్వాత కర్రీ పాయింట్‌కి ఫోన్ చేసి పప్పుందా అని అడగడం. అందులోనూ హోంవర్క్ మర్చిపోయేవాణ్ణి (ఏడీహెచ్‌డీ), చెయ్యలేదని చెప్పడానికి సిగ్గేసి సెషన్ ఎగ్గొట్టేవాణ్ణి (రెండోది). థెరపిస్ట్ మేడం చివరికి "చెయ్యకపోయినా రండి, చెయ్యలేదని చెప్పడమే ఈ వారం హోంవర్క్" అన్నారు. అప్పట్నుంచి ఒక్క సెషన్ మానలేదు.

ఇలాంటివాళ్ళు ఎవరైనా చదువుతుంటే 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, గవర్నమెంటుది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చెయ్యడమే జబ్బైనవాడికి ఫోన్ నంబర్ ఇస్తున్నావేంట్రా అంటారేమో, నాకూ అక్కే డయల్ చేసి చేతిలో పెట్టింది.

బాబాయ్, నీ మెసేజ్‌కి జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది, అందులో ఆరు రోజులు మర్చిపోయా, మూడు రోజులు భయపడ్డా. వచ్చే నెల అక్కావాళ్ళ గృహప్రవేశానికి వస్తా, భోజనాల దాకా ఉంటా. మైకు మాత్రం ఇవ్వకండి.