ప్రకటనకూ మందుకూ మధ్య డాక్టరు లేని చోట

విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపుల ముందు పావుగంట నిలబడితే చాలు, మన దగ్గర డాక్టరు చీటీకి ఉన్న విలువేంటో తెలిసిపోతుంది. ఒకాయన ఖాళీ అట్ట చూపించి "ఇదే ఇవ్వు బాబూ" అంటాడు. అట్ట మీద ఎర్ర గీత, చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక. షాపు కుర్రాడు కత్తెరతో ఐదు మాత్రలు కత్తిరించి ఇచ్చేస్తాడు. ఈమధ్య అట్టలకు తోడు ఫోన్లూ చూపిస్తున్నారు, రీల్‌లో కనబడిన బరువు తగ్గే ఇంజక్షను ఉందా అంటూ.

అందుకే ప్రిస్క్రిప్షన్ మందులకు నేరుగా జనానికి ప్రకటనలు ఇవ్వొచ్చా అని అమెరికాలో సాగే చర్చను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. అక్కడ టీవీలో చూసి ఎంత మనసుపడ్డా, మందు చేతికి రావాలంటే డాక్టరు రాయాలి. అంత కాపలా ఉన్నా ఏమైంది? వయాక్స్ అనే కీళ్లనొప్పుల మందును టీవీల్లో ఊదరగొట్టారు. గుండెపోటు ముప్పు బయటపడ్డాక 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

మన చట్టం కాగితం మీద మెతకదేం కాదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో మధుమేహం, కేన్సర్, స్థూలకాయం సహా 54 జబ్బులున్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటన వేస్తే నేరం. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులకైతే కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ప్రచారం కుదరదు. కానీ మందు పేరెత్తకుండా జబ్బు గురించి చెప్పొచ్చు. "ఊబకాయం ఒక వ్యాధి, మీ డాక్టరును అడగండి" అని పెద్దక్షరాల్లో, అడుగున చిన్నగా కంపెనీ పేరు. దాన్ని అవగాహన అంటారు! ఆ కంపెనీ ఇంజక్షను పేరు వెతకడానికి ఫోనులో ఎంతసేపు పడుతుంది?

అవగాహన వద్దని కాదు. బీపీ ఉందని తెలియకుండానే పక్షవాతం పాలయ్యేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అయితే కంపెనీ డబ్బుతో వచ్చే అవగాహన ఖరీదైన కొత్త మందు ఉన్న జబ్బు వైపే పోతుంది. క్షయ కోసం ఏ కంపెనీ పేపరులో పూర్తి పేజీ కొంటుంది? ఇలాంటి ప్రచారం ఆపితే పరిశ్రమ దెబ్బతింటుందన్న భయమూ అక్కర్లేదు. మన పరవాడ ఫార్మాసిటీలో ఎక్కువగా తయారయ్యే ముడి మందులకు (మాత్రల తయారీలో వాడే సరుకుకు) హోర్డింగులతో పనేముంది?

షాపుల్ని కట్టడి చేస్తే సరిపోదా అని అడగొచ్చు. చేయాల్సిందే. కాకపోతే షాపులు వీధికొకటి, ఆ ఇంజక్షన్లు అమ్మే కంపెనీలు కొన్నే. పట్టుకోవడం ఎక్కడ తేలికో వేరే చెప్పాలా? మందు పేరున్నా లేకున్నా, దాన్ని అమ్మే కంపెనీ డబ్బు పెట్టిన ప్రచారాన్నంతా ప్రకటనగానే లెక్కగట్టి నిషేధించాలి. డబ్బు తీసుకుని రీల్ చేసే డాక్టరుకూ మినహాయింపు ఉండకూడదు.