ఆక్సిజన్ కోసమైతే మొక్కలు కొనకండి

ఈమధ్య ఏ నర్సరీకి వెళ్లినా ఒకటే పాట. "ఇది బెడ్‌రూమ్‌లో పెట్టండి మేడమ్, రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది" అంటూ స్నేక్ ప్లాంట్ అంటగడతారు. ఆ మొక్క రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందన్నది నిజమే. కానీ ఆక్సిజన్ తయారవ్వాలంటే ఏ ఆకుకైనా వెలుతురు కావాలి కదండీ!

మొక్కలు ఇంట్లో గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారం ఎక్కువగా 1989 నాటి నాసా ప్రయోగం నుంచి వచ్చిందే. గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలుంచితే గాలిలోని బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర రసాయనాలు తగ్గాయి. మన ఇళ్లు అలా బిగించినవి కావుగా. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నీ లెక్కగట్టారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలట. ఇక మనం ఎక్కడ కూర్చోవాలి? కిటికీ తీస్తే పోలా!

అలాగని మొక్కలొద్దనను. మా బాల్కనీ నిండా మొక్కలే, బట్టలారేయడానికే చోటు లేదు. నేను పెంచేది టెన్షన్ తగ్గుతుందని. నెదర్లాండ్స్‌లో కొందరికి కావాలనే టెన్షన్ పుట్టించి, సగం మందిని అరగంట తోటపనికి, మిగతావాళ్లని లోపల కూర్చుని చదువుకోడానికి పంపారు. ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ అందరికీ తగ్గింది, తోటపని చేసినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ తగ్గింది. ఉన్నది 30 మందే, అదీ అంతా తోటలున్నవాళ్లే. కాబట్టి ఇది పట్టుకుని డాక్టరిచ్చిన మందులు మానేయకండి.

నాకు అర్థమైనంతలో కారణం చిన్నదే. మందారానికి పిండినల్లి పట్టిందనుకోండి, ఒక్కో ఆకూ తిప్పి తుడవాలి, వేపనూనె కొట్టాలి. చేతినిండా మట్టి, ఫోన్ పట్టుకునే వీల్లేదు. సంక్రాంతి దాటాక మల్లె కొమ్మలు కత్తిరించి ఆకు దూస్తే వేసవికి గానీ మొగ్గ రాదు, మనం తొందరపడితే ముందుకు జరగదు. అందుకే కొని తెచ్చి, నీళ్లు పోసే పని వాచ్‌మన్‌కి అప్పగించేవాళ్లకి ఈ లాభం ఎలా వస్తుందో నాకైతే తెలీదు.

అసలు కోపం ఇక్కడే. ఊళ్లో పెరడంతా తిరుగుతూ చిక్కుడు పాదులు పెంచిన అమ్మానాన్నల్ని సిటీకి తెచ్చి, ఎనిమిదో అంతస్తులో టీవీ ముందు కూర్చోబెడతాం. పొద్దున్నే వాళ్లకంటూ ఒక్క పనీ ఉండదు. పైనేమో టెర్రస్‌కి తాళం. అడిగితే అసోసియేషన్ వాళ్లు "లీకేజీ వస్తుందండీ, బరువండీ" అంటారు. ఆ భయంలో కొంత న్యాయం ఉంది, తడిసిన మట్టి బరువే. కానీ వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గోడల వెంబడి స్టాండ్ల మీద గ్రో బ్యాగులు పెట్టి, మట్టిలో తేలికైన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపితే సరిపోయేదానికి తాళమెందుకు? డిసెంబర్ 31 రాత్రి బిల్డింగంతా ఎక్కి డీజేకి గెంతినా రాని పగుళ్లు, నాలుగు తోటకూర కుండీలకే వస్తాయా?