అన్న పుస్తకం మీది అంకె పెద్దదై ఉండవలెను

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్ల కోసం మన దేశంలో విడిగా ఒక చట్టమంటూ లేదని బాధపడేవాళ్లున్నారు. బాధ అనవసరం. మనవాళ్లు ఎప్పుడో చేసేసుకున్నారు. అందులో ఉన్నది ఒకటే సెక్షను: పెద్దవాడి లెక్కల పుస్తకం అట్ట మీది అంకె, చిన్నదాని పుస్తకం అట్ట మీది అంకె కన్నా పెద్దదై ఉండవలెను. కవలలైతే ఆస్పత్రి కాగితంలో నిమిషాలు చూసి తేల్చుకోవలెను. ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు పుట్టిన వరుసను గౌరవించి తీరవలెను.

ఈ చట్టం చేసిందెవరో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. "క్లాసులో నలభై మందికీ ఒకే పాఠమేంటండీ, ఒక్కో పిల్లవాడి వేగం ఒక్కోలా ఉంటుంది కదా" అని ప్రిన్సిపాల్ ముందు గంటసేపు ఉపన్యాసమిచ్చి టీసీ తెచ్చుకున్నవాళ్లే. ఆ టీసీ మడత విప్పకముందే పదకొండేళ్లవాడికి ఆరో తరగతి సెట్టు, ఎనిమిదేళ్లదానికి మూడో తరగతి సెట్టు ఆర్డరు పెట్టేస్తారు. నలభై మంది విషయంలో ఘోరమైనది ఇద్దరి విషయంలో క్రమశిక్షణ అయిపోతుంది కాబోలు.

పాపం, కొందరు ప్రచురణకర్తలు ఈ అంకెల జబ్బును ముందే పసిగట్టారు. అమెరికాలో ఇంటి చదువులవాళ్లు బాగా వాడే మ్యాథ్-యు-సీ లెక్కల పుస్తకాల్లో తరగతులే లేవు. ఆల్ఫాలో చిన్న కూడికలు, తీసివేతలు. బీటాలో పెద్ద అంకెలవి. గామాలో గుణకారం, డెల్టాలో భాగహారం, ఎప్సిలాన్‌లో భిన్నాలు, జీటాలో దశాంశాలు. గుణకారం రాకపోతే గామా, వస్తే డెల్టా. పుట్టినరోజుతో పనే లేదు. గ్రీకు అక్షరాలు పెడితే పోలికలు ఆగుతాయని వాళ్ల ఆశ. తెలుగు తండ్రి సంగతి వాళ్లకు తెలీదు. పార్సిల్ టేపు కొయ్యకముందే ఎక్సెల్ షీటు సిద్ధం: ఆల్ఫా అంటే ఫస్ట్ క్లాసు, బీటా అంటే సెకండ్. పెద్దవాడికి గామా, చిన్నదానికి డెల్టా వచ్చే ప్రమాదం ఉందని లెక్క తేలగానే ఇంట్లో నిద్ర ఉండదు.

శాక్సన్ అనే ఇంకో లెక్కల పుస్తకాలవాళ్లది ఇంకో పద్ధతి. 5/4 అని అట్ట మీద రెండంకెలు వేశారు. సగటు ఐదో తరగతి పిల్లవాడికీ, చురుకైన నాలుగో తరగతి పిల్లవాడికీ ఒకటే పుస్తకం పనికొస్తుందని దానర్థం. మనవాళ్లకు అందులో నాలుగు కనబడదు.

అదే అమెరికాలోని టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. ఏటా పరీక్ష రాయించమని కూడా సర్కారు అడగదు. సర్కారు అడగనిది అక్కడి తెలుగు పిల్లవాణ్ణి విజయవాడ నుంచి పెదనాన్న వీడియో కాల్‌లో అడుగుతాడు: "ఏం నాన్నా, ఎన్నో క్లాసు?" మొత్తం పాఠ్యప్రణాళిక ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా తయారవుతుంది.

ఇక ప్లేస్‌మెంట్ టెస్టు. చాలా ప్రచురణ సంస్థలు దీన్ని వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడతాయి. పిల్లవాడికి ఏం రాదో కనుక్కోవడానికి పెట్టే పరీక్ష ఇది. కాబట్టి, సహజంగానే, మనం దానికి కోచింగ్ ఇస్తాం.

కోచింగ్ పదిహేను రోజులు. ప్రశ్నపత్రం ముందే చేతిలో ఉంది కనుక లీకేజీ ఖర్చు కూడా లేదు. రిటైరైన లెక్కల మాస్టారు తాతగారు కుర్చీ వరండాలోకి లాగించుకుని మోడల్ పేపర్లు మూడు తయారుచేస్తారు. నాన్న అంకెలు మార్చి నాలుగోది చేస్తాడు. అమ్మ గోడకు టైంటేబుల్ అంటిస్తుంది. పరీక్షనాడు తలంటు, దేవుడికి దణ్ణం, పెరుగూ పంచదార; హాల్ టికెట్ ఒక్కటే తక్కువ. డైనింగ్ టేబుల్‌కు అటు పిల్లవాడు, ఇటు ఇన్విజిలేటర్ హోదాలో నాన్న. మొదటి తప్పుకు కనుబొమ్మ లేస్తుంది. రెండో తప్పుకు "ఒకసారి మళ్లీ చూసుకో నాన్నా" అని ప్రేమగా వినబడుతుంది. మూడో తప్పుకు దగ్గు. పిల్లవాడు చదువుతున్నది ప్రశ్నపత్రాన్ని కాదు, నాన్న మొహాన్ని. అందులో మాత్రం వాడు ఎప్పుడో పీహెచ్‌డీ స్థాయి దాటేశాడు. వంటింట్లోంచి నానమ్మ గొంతు: "సున్నా ఉన్నచోట పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకోరా!" టైము అయిపోయాక ఇంకో పది నిమిషాలు గ్రేసు. నూటికి తొంభై రెండు. స్వీట్లు. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో. ఆరో తరగతి పుస్తకం వస్తుంది, మొదటి నెల హాయిగా గడుస్తుంది. ఎందుకంటే ఇలాంటి పుస్తకాల్లో చాలావాటికి మొదటి అధ్యాయాలు కిందటేడు పాఠాల పునశ్చరణే. రెండో నెలలో భిన్నాలకు హారాలు సమానం చెయ్యాల్సిన రోజు వస్తుంది. పెన్సిలు విరుగుతుంది, పేజీ తడుస్తుంది. అప్పుడు కుటుంబ సమావేశం జరిపి ఏకగ్రీవంగా తీర్మానిస్తారు: పుస్తకం బాగోలేదు. వేరే ప్రచురణ సంస్థ. దానికో ప్లేస్‌మెంట్ టెస్టు. దానికి కోచింగ్.

కోచింగ్ ఇవ్వకుండా ఉండగలిగిన అసాధారణ వ్యక్తులెవరైనా ఉంటే వాళ్ల కోసం అసలు పద్ధతి. మీరు అనుకుంటున్న స్థాయికి ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టండి. ఉదయం, కడుపు నిండాక, ఇద్దరికీ వేర్వేరు రోజుల్లో. ఒకరు రాస్తుంటే రెండోవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. గడియారం తీసెయ్యండి. మధ్యలో నేర్పకండి, దగ్గకండి. వరుసగా మూడు నాలుగు తప్పులు పడ్డాయంటే ఆ రోజుకు కాగితం తీసేసుకోండి, తెలియాల్సింది తెలిసిపోయింది. నూటికి ఎనభై పైన వస్తే పై పుస్తకం పరీక్ష పెట్టండి. తగ్గితే, ఆగినచోటే మీ పుస్తకం ఉంది.

ఎంత వచ్చింది అన్నదాని కన్నా తప్పు ఎలా పోయింది అన్నది ముఖ్యం. 402లోంచి 178 తియ్యమనండి. జవాబు 224. ఒకరు 234 రాశారనుకోండి. వాళ్లకు అప్పు తెచ్చుకోవడం తెలుసు. సున్నా పదయ్యాక అందులోంచి ఒకటి పక్కకు ఇచ్చేసిన సంగతి మరిచిపోయారు. రెండు రోజులు సాధన చేయిస్తే సరిపోతుంది. ఇంకొకరు 376 రాశారు. అంటే ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. వాళ్లకు వందలు, పదులు, ఒకట్లు అంటే ఏమిటో ఇంకా పట్టుబడలేదు. పుల్లలు పది పది కట్టలు కట్టించి మొదటి నుంచీ రావాలి. ఈ ఇద్దరి మధ్యా ఒక పుస్తకమంత దూరం ఉంది. ఎర్ర పెన్ను ఇద్దరికీ ఒకటే ఇంటూ మార్కు పెడుతుంది.

చదవడానికి విడిగా కొలత. పుస్తకంలోంచి వంద మాటలున్న చోటు తీసుకుని పైకి చదివించండి. అయిదు లోపు తప్పులైతే సొంతంగా చదువుకోవచ్చు. అయిదు నుంచి పది అయితే పక్కన మీరుండాలి. పది దాటితే ఆ పుస్తకం ఇంకా బరువు, పక్కన పెట్టండి. తెలుగులో ఇంకో చిక్కుంది. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్ల ఏ వార్తాపత్రికైనా గడగడా చదివేస్తుంది. మేనత్త మురిసిపోతుంది. పుస్తకం మూసి "ఏమైందో చెప్పు" అంటే కథ ఉండదు. గొంతుకు ఒక స్థాయి, బుర్రకు ఒక స్థాయి. రెండోదాన్ని బట్టే పుస్తకం ఇవ్వాలి.

అంటే ఒకే పిల్లవాడు లెక్కల్లో నాలుగు, చదవడంలో ఆరు, రాతలో మూడు కావచ్చు. ఎనిమిదేళ్లది భిన్నాలు నోటితో చెప్పేస్తుంది కానీ చేతివేళ్లు ఎనిమిదేళ్లవే. పేజీడు లెక్కలు రాయమంటే ఏడుస్తుంది. జవాబు అది చెప్పాలి, మీరు రాయాలి. ఈ మాత్రానికి దాన్ని అన్నింట్లోనూ ఆరో తరగతికి ఎక్కించి బాలమేధావి అని కాలనీలో బ్యానరు కట్టించకండి.

లెక్కలు, చదవడం, రాయడం ఎవరివి వాళ్లకే. మిగతావన్నీ ఇద్దరికీ కలిపే. శాతవాహనుల గురించి విడివిడిగా రెండు పుస్తకాలు కొనడం దుకాణం వాడికి ఉపకారం. ఒకే పాఠం పైకి చదివి వినిపించండి. చిన్నది అమరావతి స్తూపం బొమ్మ వేసి మూడు వాక్యాలు నోటితో చెబుతుంది. పెద్దవాడు ఒక పేజీ రాస్తాడు, లేదా చెబితే మీరు రాస్తారు. చదవడం నెమ్మదిగా ఉన్నవాడికి సైన్సు కూడా చిన్నపిల్లల స్థాయిలో చెప్పడమంత అన్యాయం ఇంకోటి లేదు. వాడి కళ్లు అక్షరాల దగ్గర ఆగుతున్నాయి, ఆలోచన ఆగట్లేదు. ఆడియో పెట్టండి, చదివి వినిపించండి. లెక్కల వేళ మాత్రం ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఒకరితో పాతిక నిమిషాలు మీరు కూర్చున్నప్పుడు రెండోవాళ్లకు ఒంటరిగా చేసుకోగలిగిన పని ఉండాలి.

వెనక్కి వెళ్లిన పెద్దవాడు అక్కడే స్థిరపడిపోతాడని భయం వద్దు. పదకొండేళ్లవాడు నాలుగో తరగతి పుస్తకాన్ని తొమ్మిదేళ్లవాడిలా చెయ్యడు. ప్రతి అధ్యాయం చివర ఉండే పరీక్షను మొదటే పెట్టండి. వచ్చినవి దాటెయ్యండి, రానివే నేర్పండి. రోజూ పది నిమిషాలు ఎక్కాలు. ఇద్దరికీ ఒకే సంస్థ పుస్తకాలు కొనకండి. వేర్వేరు సంస్థలవైతే చెల్లెలు ఎన్నో పేజీలో ఉందో పోల్చుకునే వీలుండదు. రెండింటికీ బ్రౌన్ పేపరు అట్టలు వెయ్యండి. లేబుల్ మీద పేరు చాలు.

ఈ అట్టలు వేసిన ఇళ్లలో కూడా ఒక మాట వినబడుతుంది: "చెల్లికి వచ్చేసింది, నీకు సిగ్గులేదురా?"

ఇక్కడ నవ్వడం కుదరదు. ఈ మాట అన్నాక ఏ పుస్తకమూ పనిచెయ్యదు. మర్నాటి నుంచి వాడికి లెక్కల వేళకే కడుపునొప్పి వస్తుంది. చెల్లి నోటుపుస్తకం చూసి రాస్తాడు, తప్పు కనబడకుండా కాగితం చిరిగేదాకా చెరుపుతాడు, రాని లెక్క వచ్చిందంటాడు. మీరు నేర్పింది భాగహారం కాదు, దాక్కోవడం. ఇటు చెల్లి కూడా నేర్చుకుంటుంది. అన్నయ్య మొహం చిన్నబోతోందని తెలిసిన జవాబు మింగేస్తుంది. కొన్ని ఇళ్లలో ఆ మింగించేది తల్లిదండ్రులే: "నువ్వాగవే, అన్నయ్యని చెప్పనీ." అన్న పుస్తకం ముందు ఉండాలని ఆడపిల్లను నెలల తరబడి వచ్చిన పాఠాల్లోనే తిప్పుతారు. ఇద్దరి చదువూ చెడగొట్టి దానికి పెంపకం అని పేరు పెడతారు.

ఇంకా దారుణం ఉంది. అటు ఇంగ్లీషులోనూ ఇటు తెలుగులోనూ అక్షరాలు తడబడేవాడిని, విన్నది చక్కగా చెప్పి చదవమంటే ఆగిపోయేవాడిని, రెండేళ్లు, మూడేళ్లు "బద్ధకం" అని తిడతారు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. అవి బాగుంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చదువు సమస్యలకు పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఈ ప్రత్యేక సమస్యలను గుర్తించింది. చట్టసభ గుర్తించిందాన్ని కన్నవాళ్లు గుర్తించరు, పెదనాన్న ఏమనుకుంటాడోనని. తిట్టిన ప్రతి నెలా వాడి ఖాతాలోంచి పోయిందే, పెదనాన్న ఖాతాలోంచి కాదు.

సరే, సర్టిఫికెట్ ఎలాగంటారా? కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లో చిన్న తరగతులకు ఓబీఈ అని ఉంది. దాని ఎ స్థాయి మూడో తరగతితో, బి అయిదుతో, సి ఎనిమిదితో సమానం. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. అయిదు సబ్జెక్టులు గట్టెక్కాలి. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. అయిదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. తెలుగు ఈసారి, లెక్కలు రెండేళ్లకు రాసుకోవచ్చు; గట్టెక్కినవి గట్టెక్కినట్టే ఉంటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రాష్ట్ర ఓపెన్ స్కూలు సొసైటీలూ ఉన్నాయి. దరఖాస్తులో పుట్టిన తేదీ అడుగుతారు, ఫొటో అడుగుతారు, సబ్జెక్టులు అడుగుతారు. చెల్లెలు ఎన్నో పాఠంలో ఉందో రాయడానికి గడి మాత్రం పెట్టలేదు. అంతగా మనసు ఒప్పకపోతే వెనక ఖాళీ ఉంటుంది, అక్కడ రాసి పంపండి.