‘ఎలీసియం’ ఫ్లాపూ కాదు, ‘ఎలక్ట్రిక్’ పగా కాదు

బ్రిటన్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ (గాయకుడు నీల్ టెనెంట్, కీబోర్డుల మీద క్రిస్ లో) పేరెత్తితే చాలు, ఒక కథ తయారుగా ఉంటుంది. 2012లో వచ్చిన ‘ఎలీసియం’ నీరసపు ఆల్బమ్ అని, విమర్శకులు చీల్చి చెండాడారని, హిప్‌హాప్ ఇంజనీరు చేతిలో పెట్టి చెడగొట్టుకున్నారని, దాంతో వాళ్ల రికార్డు కంపెనీ పార్లోఫోన్ గెంటేసిందని, ఆ కసితో పది నెలల్లో ‘ఎలక్ట్రిక్’ చేసి అందరి నోళ్లూ మూయించారని. దెబ్బ తిన్న హీరో ఇంటర్వెల్ తర్వాత లేచి నిలబడే కథ కాబట్టి చెప్పడానికి బాగుంటుంది, షేర్లూ బాగానే వస్తాయి. తేదీలు పక్కపక్కన పెడితే మాత్రం నిలబడదు.

“చార్టులో పడిపోయింది కదా!”

ఇందులో సగం నిజం ఉంది, ముందే ఒప్పుకుందాం. ఎలీసియం బ్రిటన్‌లో 9వ స్థానం దగ్గర ఆగింది. 1986 నాటి ‘ప్లీజ్’ నుంచి అప్పటిదాకా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లలో అదే అతి తక్కువ. అంతకుముందు 2009లో ‘యెస్’ 4వ స్థానానికి వెళ్లింది. తర్వాత ఎలక్ట్రిక్ 3వ స్థానానికి వెళ్లింది.

కానీ ఎలక్ట్రిక్‌ను హిట్ అనేవాళ్లు దాని సింగిల్స్ (ఆల్బమ్ నుంచి విడిగా విడుదల చేసే పాటలు) సంగతి ఎత్తరు. ఒక్కటీ టాప్ 40లోకి రాలేదు. ఎలీసియం సింగిల్ ‘విన్నర్’ 86 దగ్గర ఆగిందని వెక్కిరించేవాళ్లు ఇదే కొలతతో ఎలక్ట్రిక్‌ను కొలిస్తే దాన్నీ ఫ్లాప్ అనాల్సి వస్తుంది. నిజం ఏమిటంటే, 2010 తర్వాత రేడియో ఈ వయసు వాళ్ల కొత్త పాటలు వేయడం దాదాపు మానేసింది. ఎలీసియం నాటికి నీల్ టెనెంట్‌కు 58, క్రిస్ లోకు 52. ఆల్బమ్ కొనేది మాత్రం పాత అభిమానులే, అదీ మొదటి వారంలోనే. కాబట్టి ఆల్బమ్ స్థానం అంటే ఆ వారం అభిమానుల హాజరు, దానికి తోడు ఆ వారం పోటీకి ఎవరున్నారన్న అదృష్టం. అంతకు మించి అర్థం లాగితే తెగుతుంది.

“విమర్శకులు ఉతికి ఆరేశారు.”

లేదు. మొత్తం మీద సమీక్షలు మంచి వైపే మొగ్గాయి. ఫిర్యాదులన్నీ ప్రధానంగా రెండే: నెమ్మదిగా ఉందని, ‘విన్నర్’ నప్పలేదని. రెండో ఫిర్యాదు న్యాయమైనదే. 2012 ఆగస్టులో, లండన్ ఒలింపిక్స్ సందట్లో, దాన్ని ముందుకు తోశారు. ఆ నెలలోనే ముగింపు వేడుకలో ఈ ఇద్దరూ ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ పాడారు. దాంతో ‘విన్నర్’ ఆటల కోసమే రాసిన పాటలా వినిపించింది. నిజానికి ఆ పాట 2011లో టేక్ దట్ బృందం పర్యటనలో వీళ్లు పాల్గొన్న రోజుల్లో పుట్టింది. మిగతా పదకొండు పాటల స్వభావానికి అది ప్రతినిధి కాదు. అలాంటిదాన్ని గుమ్మంలో నిలబెడితే వచ్చినవాళ్లు అదే ఇల్లనుకున్నారు. తప్పు ఆల్బమ్‌ది కాదు, సింగిల్ ఎంపికది.

“హిప్‌హాప్ మనిషి చెడగొట్టాడు.”

ఎలీసియం నిర్మాణంలో తోడున్న ఆండ్రూ డాసన్ అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్ ఆల్బమ్‌లకు ఇంజనీరుగా గ్రామీలు అందుకున్నవాడు, నిజమే. అతను పనిచేసిన కాన్యే ఆల్బమ్‌లలో ‘808స్ అండ్ హార్ట్‌బ్రేక్’ కూడా ఒకటి. డ్రమ్ మెషీన్, సింథ్, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఒంటరి గొంతు. ఇది పెట్ షాప్ బాయ్స్‌కు పరాయి శబ్దమా? పైగా బయటివాళ్లను పిలవడం వీళ్లకు మొదటినుంచీ ఉన్న అలవాటే. 1984లో వచ్చిన మొదటి ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ను రికార్డు చేసింది న్యూయార్క్ డాన్స్ నిర్మాత బాబీ ఓర్లాండో. దాన్నే మరో నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో కొత్తగా, నింపాదిగా మళ్లీ చేస్తే 1986లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ 1వ స్థానానికి వెళ్లింది. 1990 నాటి ‘బిహేవియర్’ కోసం మ్యూనిక్ వెళ్లి జర్మన్ నిర్మాత హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్ దగ్గర కూర్చున్నారు.

డాసన్ ఏం చేశాడో విని తేల్చుకోవడానికి ఒక దారుంది. ఎలీసియం రెండు డిస్కుల ఎడిషన్‌లో రెండోది పూర్తిగా వాద్య రూపం. ముందు ‘ఇన్విజిబుల్’ను అందులో వినండి. బేస్ ఎంత కిందికి దిగిందో, దానికీ పైనున్న తీగల శబ్దానికీ మధ్య ఎంత చోటు వదిలారో తెలుస్తుంది. తర్వాత గొంతున్న రూపం వినండి. ఆ చోటు గొంతు కోసం వదిలిందని అర్థమవుతుంది. ఫోన్ స్పీకరులో వింటే కింది బేస్ మొత్తం ఎగిరిపోయి పాట పలచగా, నీరసంగా మిగులుతుంది. ఈ ఆల్బమ్‌కు అంటుకున్న ‘నీరసం’ అనే మాటలో కొంత వాటా ఇలా విన్నదానిదే. ‘లీవింగ్’కూ హెడ్‌ఫోన్సే కావాలి.

అన్నీ నెమ్మది పాటలే అన్నదీ తప్పు. ‘ఎ ఫేస్ లైక్ దట్’ నేరుగా డాన్స్ ఫ్లోర్ పాట. ‘ఈగో మ్యూజిక్’ పాప్ తారల స్వోత్కర్ష మీద వెటకారం. ‘యువర్ ఎర్లీ స్టఫ్’ అయితే లండన్ టాక్సీ డ్రైవర్లు టెనెంట్‌తో అనే మాటల్లోంచి అల్లింది: ఇంకా పాడుతున్నారా, పాతవి బాగుండేవండీ, వగైరా. ‘వీళ్ల పని అయిపోయింది’ అన్న విమర్శను ఆల్బమ్ లోపలే, విమర్శకుల కంటే ముందే పాట కట్టి పెట్టుకున్నారు!

“కంపెనీ గెంటేసింది.”

ఈ ముక్క పుట్టిన చోటు తేదీలే చెబుతాయి. ఎలీసియం విడుదల 2012 సెప్టెంబర్ 10. సరిగ్గా ఆ నెలలోనే పార్లోఫోన్ మాతృసంస్థ ఈఎమ్ఐని మరో సంగీత కంపెనీ యూనివర్సల్ కొనడానికి యూరోపియన్ కమిషన్ అనుమతి ఇచ్చింది, పార్లోఫోన్‌ను మాత్రం వేరేవాళ్లకు అమ్మేయాలన్న షరతుతో. 2013 ఫిబ్రవరిలో వార్నర్ మ్యూజిక్ పార్లోఫోన్‌ను 48.7 కోట్ల పౌండ్లకు కొనడానికి ఒప్పుకుంది. అంటే ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చేసరికి కంపెనీయే అమ్మకానికి నిలబడి ఉంది. యజమాని ఎవరో తేలని చోట ఎవరు ఎవర్ని గెంటుతారు?

1985 నుంచి నడిచిన బంధం ఎలీసియంతో ముగిసింది. 2013 మార్చిలో తమ సొంత లేబుల్ ‘ఎక్స్2’ను ప్రకటించి, పంపిణీ పనులు కోబాల్ట్ అనే సేవల కంపెనీకి అప్పగించారు. ఈ పద్ధతిలో రికార్డింగుల హక్కు కళాకారుల దగ్గరే ఉంటుంది, సేవ చేసిపెట్టినవాళ్లకు వాటా పోతుంది. బలమైన అభిమాన గణం ఉన్నవాళ్లకు అది లాభసాటి బేరం. దాన్ని రోడ్డున పడటం అనరు.

“కసితో చేసిన జవాబే ఎలక్ట్రిక్.”

కథకు ప్రాణం ఇదే, అన్నిటికంటే బలహీనమైన ముక్కా ఇదే. ఎలక్ట్రిక్‌లో కొన్ని పాటలు ఎలీసియం రోజుల్లోనే పుట్టి, దాని మూడ్‌కు నప్పక పక్కన పెట్టినవి. ఎలక్ట్రిక్ నిర్మాత స్టువర్ట్ ప్రైస్ ఎలీసియం చివరి సింగిల్ ‘మెమరీ ఆఫ్ ద ఫ్యూచర్’ రూపాన్ని తయారు చేసినవాడే. అంటే ఒక ఆల్బమ్ తోకకూ ఇంకో ఆల్బమ్ తలకూ ఒకే చెయ్యి తగిలింది.

కొలతలు చూసినా ఒకే రాశిని రెండు కుప్పలు పోసినట్టే ఉంటుంది. రెండూ దాదాపు 50 నిమిషాలే. ఎలీసియంలో 12 పాటలు, ఎలక్ట్రిక్‌లో 9. సగటున ఒకదానిలో పాటకు 4 నిమిషాల పైచిలుకు, రెండోదానిలో ఐదున్నర. ఆ అదనపు నిమిషం ఎక్కువగా మాటలకు పోలేదు, తాళానికీ ఆరోహణకీ పోయింది. ‘యాక్సిస్’లో మాటలు గుప్పెడే. క్లబ్బులో డీజే కలుపుకోవడానికి కావాల్సిన జాగా అది. చెప్పాల్సినవి ఎలీసియంలో, ఆడాల్సినవి ఎలక్ట్రిక్‌లో సర్దారు.

ఈ ఊగడం కొత్తదా అంటే అదీ కాదు. 1988లో ఆరు పొడవాటి డాన్స్ పాటల ‘ఇంట్రోస్పెక్టివ్’, 1990లో తగ్గు స్వరపు ‘బిహేవియర్’, 1993లో రంగుల హంగామా ‘వెరీ’. 2002లో గిటార్ల ‘రిలీజ్’, 2006లో నిర్మాత ట్రెవర్ హార్న్ భారీతనంతో ‘ఫండమెంటల్’. ఒకటి చేశాక దానికి ఎదురు దిక్కుకు నడుస్తారు. బిహేవియర్‌ను ఇప్పుడు ఎవరూ ‘వెరీ’కి ముందు పడ్డ దెబ్బ అనరు, వాళ్ల గొప్ప ఆల్బమ్‌లలో లెక్కవేస్తారు. ఎలీసియం దానికి చెల్లెలు. అంత గొప్పది కాకపోవచ్చు, ‘గివ్ ఇట్ ఎ గో’ లేకపోయినా నష్టం లేదు, కానీ అదే ఇంటి పిల్ల.

“ప్రైస్‌తో డాన్స్ బాట పట్టాకే బతికారు.”

ప్రైస్‌తో ఎలక్ట్రిక్, సూపర్, హాట్‌స్పాట్ అని మూడు చేశారు. మూడుకు మూడూ 3వ స్థానమే. ఆ తర్వాత 2024 ఏప్రిల్‌లో మళ్లీ పార్లోఫోన్‌కే తిరిగొచ్చి, జేమ్స్ ఫోర్డ్ నిర్మాతగా ‘నన్‌దిలెస్’ విడుదల చేశారు. ఆ వారం టేలర్ స్విఫ్ట్ 1వ స్థానంలో ఉంటే ఇది 2లో నిలిచింది. 1993 తర్వాత వాళ్ల స్టూడియో ఆల్బమ్‌కు దక్కిన అత్యుత్తమ స్థానం అదే. అయితే 2012 లెక్కలో స్ట్రీమింగ్ లేదు, 2024లో వెయ్యి పెయిడ్ స్ట్రీమ్‌లు ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానం. అందుకని 9నీ 2నీ ఒకే గీటుతో కొలవకూడదు.

ఆ ఆల్బమ్ ఎలా ఉంటుందో మాత్రం వినొచ్చు. ఆర్కెస్ట్రా తీగలు, మధ్యస్థ తాళాలు, ‘న్యూ లండన్ బాయ్’లో కుర్రతనపు లండన్ జ్ఞాపకాలు, ‘ఎ న్యూ బొహీమియా’లో వయసు దిగులు. ఎలక్ట్రిక్ పక్కన పెట్టి వినండి, తర్వాత ఎలీసియం పక్కన పెట్టి వినండి. దేని చుట్టమో చెవికే తెలుస్తుంది.