కల్చర్‌లో క్రిములు లేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు

మూత్రం కల్చర్ పరీక్షలో క్రిములేవీ పెరగలేదని రిపోర్టు వచ్చాక కూడా ఆడవాళ్ళకు యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాసివ్వడం మన దగ్గర మామూలైపోయింది. అదే రిపోర్టు చూసి "అంతా నార్మల్‌గానే ఉందమ్మా, నీళ్ళు బాగా తాగండి" అని పంపించేసేవారూ ఉన్నారు. ఈ రెండు తీర్పుల మధ్య ఏళ్ళ తరబడి నలిగినదాన్ని కాబట్టి ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనే మూత్రాశయపు దీర్ఘకాలిక నొప్పి జబ్బు గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ జబ్బులో మూత్రాశయం నిండుతున్నకొద్దీ పొత్తికడుపులో నొప్పి, మంట పెరుగుతాయి. మూత్రానికి వెళ్ళి రాగానే కాస్త తెరిపి ఇచ్చి, కాసేపటికే మళ్ళీ మొదలవుతుంది. రాత్రిళ్ళు నిద్ర ఉండదు, దాంపత్యంలో కూడా నొప్పే, ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేము. బాల్టిమోర్‌లో గై హన్నర్ అనే వైద్యుడు 1915లోనే కొందరు రోగుల మూత్రాశయంలో కనిపించిన పుండ్ల గురించి రాశారు. అయితే ఆ పుండ్లు కొద్దిమందిలోనే ఉంటాయి, మిగిలినవారికి సిస్టోస్కోపీలో (మూత్రాశయంలోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చూసే పరీక్షలో) ఏమీ కనిపించకపోవచ్చు. కనిపించలేదు కాబట్టి ఇదంతా మనసులోనిదే అని తేల్చేయడం నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయంగా తోస్తుంది.

అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం, ఇన్‌ఫెక్షన్ వంటి వేరే కారణమేదీ లేకుండా ఈ లక్షణాలు 6 వారాలకు మించి ఉంటే ఈ జబ్బును అనుమానించాలి. దీనికి దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ ఇవ్వకూడదు. మన దేశంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా మూత్రంలో చీముకణాలు కనిపిస్తుంటే క్షయ లేదని, రక్తం పడుతుంటే క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలి. ఈ ప్రశ్నలు అడగకుండా మందుల షాపు కౌంటర్ దగ్గరే అయిదు రోజుల మాత్రలు కొనుక్కుని వచ్చేవారిని చూస్తే నాకు భయమేస్తుంది.

తిండి విషయానికొస్తే, పులుపూ కారమూ లేని తెలుగు వంట ఎక్కడుంది? పప్పుచారులో చింతపండు పులుసు పోయకముందే నా వంతు ఉడికిన పప్పును చిన్న గిన్నెలోకి తీసి, ఉప్పు వేసి, జీలకర్ర పోపు పెట్టుకుంటాను. పెళ్ళి భోజనంలో పులిహోర వద్దంటే వడ్డించే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. అందరికీ ఒకే పదార్థం పడకపోవడమంటూ ఉండదు. కాఫీ, టీ, నిమ్మజాతి పండ్లు, టమాటా, కారం కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది తిన్న రోజు నొప్పి పెరిగిందో రాసుకోవడమే మార్గం. నాకు టమాటా పడుతుంది, కాఫీ మాత్రం పడదు. మూత్రానికి భయపడి నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది.

రాత్రిపూట తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. అది డిప్రెషన్ మందు కూడా కావడంతో ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారోనని మానేసినవాళ్ళు నాకు తెలుసు. నరాల నొప్పిని తగ్గించడానికి ఇస్తున్నారన్న ఒక్క మాట డాక్టరుగారు ముందే చెబితే ఆ భయం ఉండదు. ఈ జబ్బుకు ఇచ్చే పెంటోసాన్ క్యాప్సూల్స్‌కు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. దీర్ఘకాలం వాడిన కొందరిలో కంటి రెటీనా దెబ్బతినడంతో 2020లో ఆ హెచ్చరికను మందు వివరాల్లో చేర్చారు. కాబట్టి అది వాడేవాళ్ళు కంటి పరీక్ష తప్పక చేయించుకోవాలి. సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది. హన్నర్ పుండ్లు ఉంటే వాటిని కాల్చడమో, అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తారు. కటి కండరాలు (మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలు) బిగుసుకున్నవారికి వాటిని సడలించే ఫిజియోథెరపీ కావాలి. వీడియోలు చూసి, ఆ కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలతో వాటిని ఇంకా బిగించుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను.

పూర్తిగా నయమవుతుందని మీకు ఎవరైనా మాటిస్తే నమ్మకండి. నొప్పిని అదుపులో పెట్టుకుని ఉద్యోగం చేసుకోవడం మాత్రం సాధ్యమే. దానికి పనిచేసే చోట మరుగుదొడ్డి ఉండాలి, ఎన్నిసార్లు వెళ్ళారని లెక్కపెట్టే పై అధికారి ఉండకూడదు. ఆర్టీసీ బస్సు ఎక్కే ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించుకునే ఆడవాళ్ళ గురించి బస్టాండ్లు కట్టేవారు ఆలోచించాలి. ఇప్పటికే ఈ బాధ పడుతున్నవారు పాత కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళి, "క్రిములు లేనప్పుడు నాకు ఈ నొప్పి ఎందుకు వస్తోంది?" అని అడగండి. సమాధానంగా మళ్ళీ యాంటీబయాటిక్ చీటీయే చేతికొస్తే, ఇంకో డాక్టరును చూడండి.