కాన్సాస్ పడమటి సగంలో నీళ్లెన్నాళ్లు?

అమెరికాలోని కాన్సాస్‌ అనగానే చదునైన గోధుమ రాష్ట్రం అనేస్తారు. చదును అన్నది కంటికి అనిపించేదే. ఆగ్నేయ మూలలో 700 అడుగుల లోపున్న నేల, పడమటి సరిహద్దుకు చేరేసరికి 4,000 అడుగులకు పెరుగుతుంది. వాన మాత్రం అటు పోయేకొద్దీ తరుగుతుంది. ఆగ్నేయంలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు దాటే వర్షపాతం, కొలరాడో సరిహద్దు దగ్గర 450 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది.

అంత తక్కువ వానతో పడమటి రైతు మూడేళ్లకు రెండు పంటలే తీస్తాడు. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తిన గోధుమ చలికాలమంతా నిద్రావస్థలో ఉండి జూన్, జులైల్లో కోతకొస్తుంది. మరుసటి వేసవిలో జొన్న. ఆ తర్వాత దాదాపు 11 నెలలు బీడు. ఆ బీడుకాలంలో పడిన వాన, మంచు నేలలో నిలిస్తేనే తర్వాతి గోధుమ మొలుస్తుంది. కలుపు పోవాలని దున్నితే తడి ఆవిరవుతుంది, మన్ను గాలికి లేస్తుంది. 1930లలో ఈ మైదానాలను కమ్మేసిన ధూళి తుపాన్లకు విచ్చలవిడి దున్నకం ఒక పెద్ద కారణం. అందుకే ఇప్పుడు కొయ్యకాళ్లను నిలువుగా వదిలేస్తారు. అవి మంచును పట్టి ఉంచుతాయి, గాలి వేగాన్ని విరుస్తాయి.

అయితే పడమటి కాన్సాస్ ఆదాయం ఎక్కువగా నడిచేది వాన మీద కాదు, ఒగల్లాలా అనే భూగర్భ జలాశయం మీద. ఆ నీటితో మొక్కజొన్న పండిస్తారు, దాన్ని పశువులకు మేపుతారు, ఆ పశువులు గార్డెన్ సిటీ, డాడ్జ్ సిటీ, లిబరల్ పట్టణాల మాంసం ఫ్యాక్టరీలకు చేరతాయి. నీళ్లు తగ్గితే ఈ గొలుసంతా వదులవుతుంది.

లెక్క చూడండి. 160 ఎకరాల చదరపు కమతంలో పివట్, అంటే మధ్యలో ఒక కొన బిగించి చక్రాల మీద నడిచే పొడవాటి గొట్టం, గుండ్రంగా తిరిగి సుమారు 125 ఎకరాలు తడుపుతుంది. జులై ఎండల్లో మొక్కజొన్న రోజుకు 7 నుంచి 8 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. అంత ఇవ్వాలంటే బోరు నిమిషానికి దాదాపు 2,700 లీటర్లు ఆగకుండా పోయాలి. అది 1,500కు పడిపోతే, సరిగ్గా పొత్తులు గింజ పట్టే వేళకు పివట్ వెనకబడుతుంది. అప్పుడు సగం వలయంలో మొక్కజొన్న, మిగతా సగంలో గోధుమో జొన్నో వేసుకోవడమే దారి. పడమటి కాన్సాస్‌లో వాన నుంచి తిరిగి భూమిలోకి ఇంకేది ఏడాదికి ఒక అంగుళం కూడా ఉండదు. తెలంగాణ, రాయలసీమ రాతినేలల్లో ఒక మంచి వానాకాలం బోర్లను మళ్లీ లేపగలదు. కాన్సాస్‌లో ఆ ఆశ లేదు.

పరికరాలు మారిస్తే నీరు మిగులుతుందన్న వాదన నాకు నమ్మకం కలిగించదు. నీటిని పైరుకు దగ్గరగా వదిలే నాజిల్స్‌కు సబ్సిడీలిచ్చి చూశారు. పంపింగ్ తగ్గకపోగా కొంత పెరిగిందని ఆర్థికవేత్తల పరిశీలనలో తేలింది. మిగిలిన నీటితో రైతులు ఎక్కువ నీరు తాగే పంటలకు మళ్లారు. రైతును తప్పుపట్టడానికేం లేదు. పరిమితి లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

పనిచేసింది షెరిడన్ 6 పద్ధతి. వాయవ్య కాన్సాస్‌లో ఆ పేరున్న ఒక చిన్న ప్రాంతపు రైతులు తామే ముందుకొచ్చి, 2013 నుంచి ఐదేళ్లకు ఎకరాకు 55 అంగుళాలే వాడాలని కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక అంగుళమంటే ఎకరాకు సుమారు లక్షా మూడు వేల లీటర్లు. కోటా ఏడాదికి కాకుండా ఐదేళ్లకు కలిపి ఇవ్వడం కీలకం. వానలు పడ్డ ఏడు మిగిల్చుకుని కరువు ఏడు వాడుకోవచ్చు. రైతులు తేమ సెన్సర్లు పెట్టుకున్నారు, విత్తనం పలచగా వేశారు, కొంత నేలను జొన్నకు మార్చారు. వాడకం అనుకున్న 20 శాతం కన్నా ఎక్కువే తగ్గింది. మొక్కజొన్న దిగుబడి స్వల్పంగానే పడిపోయింది, ఖర్చులు తగ్గి లాభం నిలిచింది. కట్టుబాటును 2018లో, మళ్లీ 2023లో పొడిగించారు.

2023లో చేసిన చట్టం ప్రకారం భూగర్భజల జిల్లాలు (భూగర్భ జలాల నిర్వహణ చూసే స్థానిక సంస్థలు) కార్యాచరణ ప్రణాళికలు ఇవ్వడానికి 2026 జులై 1 గడువు. వాటిలో నేను ముందు వెతికేది ఒక్కటే: ప్రతి బోరు మీటరుకూ ముడిపెట్టిన అంగుళాల కోటా ఉందా, దాన్ని మీరినవారికి మరుసటి ఏడాది కోటాలో కోత ఉందా.